కారు సబ్‌వూఫర్ వైరింగ్: ముందు ఓమ్స్ లెక్క, తర్వాతే స్క్రూడ్రైవర్

"నా దగ్గర రెండు సబ్‌లున్నాయి, ఫలానా యాంప్ సరిపోతుందా?" అని అడిగేవాళ్లు చాలామంది. (సబ్ అంటే సబ్‌వూఫర్, బేస్ స్పీకర్. యాంప్ అంటే దానికి పవర్ ఇచ్చే యాంప్లిఫైయర్.) ఇంచీలు చెబుతారు, బాక్స్ మీద రాసిన వాట్లు చెబుతారు. ఓమ్స్ (కరెంటుకి ఎదురయ్యే నిరోధం కొలత) మాత్రం ఎవరూ చెప్పరు. అవి తెలియకపోతే ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం ఎవరి వల్లా కాదు. యాంప్ వేడెక్కి ఆగిపోవడం, బేస్ పేలవంగా రావడం, సబ్ లోపలి కాయిల్ (వైరు చుట్ట) మాడిన వాసన రావడం లాంటి గొడవల్లో చాలావరకు ఒక్కచోటే మొదలవుతాయి. కాగితం మీద తేల్చుకోవలసిన లెక్కను డిక్కీలో కూర్చుని వైర్లు కలుపుతూ తేల్చుకోబోవడమే వాటికి కారణం.

సబ్, యాంప్ ఇంకా కొనకపోతే మరీ మంచిది. 1 నుంచి 4 వరకు స్టెప్పులు చదివాకే కొనండి. ఇప్పటికే కొనేసినా ఆ నాలుగూ వదలకండి.

దగ్గర పెట్టుకోవలసినవి

- మల్టీమీటర్. మామూలుది చాలు, కానీ అది లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు.
- పవర్ కేబుల్, అదే మందంలో ఎర్త్ కేబుల్, బ్యాటరీ దగ్గర పెట్టే ఫ్యూజ్ హోల్డర్, సరైన ఫ్యూజ్
- 12 గేజ్ స్పీకర్ వైరు (గేజ్ అంకె తగ్గేకొద్దీ వైరు మందం), స్టీరియో నుంచి యాంప్‌కి సిగ్నల్ తెచ్చే ఆర్‌సీఏ కేబుల్, రిమోట్ (స్టీరియోతో పాటు యాంప్‌ని ఆన్ చేసే కనెక్షన్) కోసం సన్న వైరు
- రింగ్ లగ్గులు, క్రింపింగ్ టూల్, గరుకు కాగితం, రబ్బరు గ్రోమెట్, కేబుల్ టైలు
- 1.5 వోల్టుల పెన్సిల్ సెల్ ఒకటి
- కాగితం, పెన్ను

1. మీ సబ్‌లో ఎన్ని కాయిల్స్ ఉన్నాయో, ఒక్కోటి ఎన్ని ఓమ్సో చూడండి

సబ్ వెనక రెండు టెర్మినల్స్ ఉంటే సింగిల్ కాయిల్. నాలుగుంటే డ్యూయల్ కాయిల్. పెట్టె మీద "డ్యూయల్ 4 ఓమ్" అని ఉంటే ఒక్కో కాయిల్ 4 ఓమ్స్ అని అర్థం. సబ్ మొత్తం కలిపి 4 అనుకుని దానికి తగ్గట్టు యాంప్ కొనేసేవాళ్లు చాలామంది ఉన్నారు. డ్యూయల్ 4 సబ్ ఒక్కటే ఉంటే దాన్నుంచి 2 గానీ 8 గానీ వస్తుంది, 4 రాదు.

స్టిక్కర్ చెరిగిపోయినా, సెకండ్ హ్యాండ్‌లో కొన్నా కొలిచి చూడండి. మల్టీమీటర్‌ను ఓమ్స్‌లో అతి తక్కువ రేంజ్‌కు తిప్పి, ముందు రెండు ప్రోబ్‌లనూ ఒకదానికొకటి ఆనించండి. 0.2, 0.3 ఎంతో కొంత చూపిస్తుంది. తర్వాత కాయిల్‌ని కొలిచినప్పుడు వచ్చిన రీడింగ్‌లోంచి దాన్ని తీసేయాలి. 4 ఓమ్స్ కాయిల్ మీటర్‌లో సుమారు 3.2 నుంచి 3.8 వరకు, 2 ఓమ్స్ కాయిల్ 1.6 నుంచి 1.9 వరకు చూపిస్తుంది. రాసినదానికన్నా కాస్త తక్కువ రావడం మామూలే, టెన్షన్ పడొద్దు. అసలు రీడింగే రాకపోతే కాయిల్ తెగిపోయినట్టు. డ్యూయల్ కాయిల్ సబ్‌లో ఒకటి 3.5, ఇంకొకటి 2.1 చూపిస్తే ఆ సబ్ లోపల దెబ్బతింది. దానికి వైరింగ్ చేయడం దండగ.

2. ఏయే లోడ్లు వస్తాయో రాసుకోండి

లోడ్ అంటే యాంప్‌కి కనిపించే మొత్తం ఓమ్స్. సూత్రం చిన్నదే. సిరీస్‌లో (ఒకదాని వెనక ఒకటిగా) కలిపితే ఓమ్స్ కూడుకుంటాయి. ఒకే విలువ ఉన్నవాటిని ప్యారలల్‌లో (పక్కపక్కన) కలిపితే ఆ విలువను వాటి సంఖ్యతో భాగించాలి. వైర్లు ఎలా కలపాలో 7వ స్టెప్‌లో ఉంది. ఎక్కువగా కనిపించే జతలు ఇవి:

- డ్యూయల్ 2 సబ్ ఒకటి: 1 లేదా 4
- డ్యూయల్ 4 సబ్ ఒకటి: 2 లేదా 8
- సింగిల్ 4 సబ్‌లు రెండు: 2 లేదా 8
- సింగిల్ 2 సబ్‌లు రెండు: 1 లేదా 4
- డ్యూయల్ 2 సబ్‌లు రెండు: 2 (ప్రతి సబ్‌లో కాయిల్స్ సిరీస్, రెండు సబ్‌లూ ప్యారలల్). అన్నీ ప్యారలల్ చేస్తే 0.5, దాని జోలికి వెళ్లొద్దు. అన్నీ సిరీస్ అయితే 8.
- డ్యూయల్ 4 సబ్‌లు రెండు: 1 (అన్నీ ప్యారలల్) లేదా 4 (ప్రతి సబ్‌లో కాయిల్స్ సిరీస్, సబ్‌లు ప్యారలల్). అన్నీ సిరీస్ అయితే 16, అది ఎందుకూ పనికిరాదు.

ఇందులో చివరి వరుస దగ్గర ఒక్క నిమిషం ఆగండి. రెండు డ్యూయల్ 4 సబ్‌లను ఎలా తిప్పి కలిపినా 2 ఓమ్స్ రాదు. కానీ దొరికే మోనో (ఒకే చానల్) యాంప్‌లలో 2 ఓమ్స్ వరకే తట్టుకునేవి చాలా ఉన్నాయి. ఈ రెండూ విడివిడిగా కొని ఇంటికి తెచ్చాక చేయగలిగింది ఒక్కటే, 4 ఓమ్స్‌లో కలిపి ఉన్న పవర్‌తో సర్దుకోవడం. అవే సబ్‌లు డ్యూయల్ 2లో తీసుకుని ఉంటే సరిగ్గా 2 దగ్గర కూర్చునేవి. సబ్ ఏ మోడల్ అన్నదానికన్నా కాయిల్ ఎన్ని ఓమ్స్ అన్నదే ముందు తేల్చుకోమని అందుకే చెబుతున్నాను.

డ్యూయల్ కాయిల్ సబ్‌లో ఒక్క కాయిలే కలిపి రెండోది వదిలేయడం కూడా కొందరు చేస్తారు. అలా చేస్తే సబ్ తట్టుకునే పవర్ దాదాపు సగానికి పడిపోతుంది, దాని స్వభావమే మారిపోతుంది. అలాగే వేర్వేరు మోడల్ సబ్‌లను ఒకే యాంప్ మీద కలపొద్దు. పవర్ సమంగా పంచుకోవు, ఒకటి అరుస్తుంటే ఇంకొకటి నిద్రపోతుంది.

3. యాంప్ ఏం చెబుతోందో సరిగ్గా చదవండి

పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉండే మ్యాక్స్, పీక్ వాట్లను పట్టించుకోకండి. మాన్యువల్‌లో ఆర్‌ఎంఎస్ (ఆగకుండా ఇవ్వగల పవర్) అని, ఏ ఓమ్స్ దగ్గర ఎన్ని వాట్లో విడివిడిగా రాసి ఉంటుంది. ఆ వరుసే కావాలి. అదే వరుసలో కనిపించే అతి తక్కువ ఓమ్స్ ఆ యాంప్ హద్దు. హద్దు 2 అయితే 1 ఓమ్ పెట్టొద్దు. "నాది బాగానే నడుస్తోంది" అని చెప్పేవాళ్లు ఉంటారు. తక్కువ వాల్యూమ్‌లో కొన్నాళ్లు నడుస్తుంది, సౌండ్ పెంచి ఎండలో తిరిగిన రోజున ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లు పోతాయి.

రాసిన వాట్ల మీద అనుమానం ఉంటే యాంప్ మీది ఫ్యూజులు చూడండి. రెండు 30 ఆంపియర్ ఫ్యూజులుంటే మొత్తం 60. దాన్ని 13.8 వోల్టులతో గుణించి, క్లాస్ డి యాంప్ (కరెంటు తక్కువ వృథా చేసే రకం) అయితే 0.8తో గుణించండి. సుమారు 660 వాట్లు వస్తుంది. అంత ఫ్యూజుతో 3000 వాట్లు అని రాసుంటే ఆ అంకెను నమ్మాల్సిన పనిలేదు.

ఇక్కడ తరచూ జరిగే పొరపాట్లు రెండు:

బ్రిడ్జింగ్. రెండు చానళ్ల యాంప్‌ని బ్రిడ్జ్ చేసినప్పుడు (రెండు చానళ్లనూ కలిపి ఒకటిగా వాడినప్పుడు) ఒక్కో చానల్ మీద పడేది మీరు పెట్టిన లోడ్‌లో సగం. చానల్‌కి 2 ఓమ్స్ వరకు తట్టుకునే యాంప్‌ని బ్రిడ్జ్ చేస్తే దానికి 4 ఓమ్స్ కన్నా తక్కువ పెట్టకూడదు. "2 ఓమ్స్ స్టేబుల్" అని చదివి బ్రిడ్జ్‌లో 2 పెట్టేస్తే యాంప్ ప్రొటెక్ట్‌లోకి (తనను కాపాడుకోవడానికి ఆగిపోయే స్థితిలోకి) పోతుంది.

మోనో యాంప్ మీద రెండు జతల టెర్మినల్స్. ప్లస్‌లు రెండు, మైనస్‌లు రెండు కనిపిస్తాయి కదా అని వాటిని రెండు చానళ్లు అనుకుంటారు. చాలా మోనో యాంప్‌లలో అవి లోపల ఒకటే, వైర్లు పెట్టుకోవడానికి వీలుగా ఇచ్చినవి. ఒక్కో జతకి 2 ఓమ్స్ సబ్ తగిలిస్తే యాంప్‌కి కనిపించేది 1 ఓమ్.

4. జత కుదర్చండి

సబ్‌ల ఆర్‌ఎంఎస్‌లు కూడండి. ఒక్కోటి 300 అయితే రెండింటికి 600. మీకు వచ్చే లోడ్ దగ్గర యాంప్ ఇచ్చే ఆర్‌ఎంఎస్ ఆ 600కి దగ్గరగా ఉండాలి. 450 ఉన్నా హాయిగా వినొచ్చు. 800 ఉన్నా ఫర్వాలేదు, గెయిన్ (సిగ్నల్‌కి యాంప్‌ని సరిపెట్టే నాబ్, 10వ స్టెప్ చూడండి) తగ్గించి పెట్టుకుంటారు. 200 ఉంటేనే కష్టం. పవర్ తక్కువైనందుకు సబ్ పాడవదు. చాలడం లేదని గెయిన్, బేస్ బూస్ట్ అన్నీ చివరిదాకా తిప్పేస్తారు, యాంప్ క్లిప్ అవుతుంది (శక్తి చాలక సిగ్నల్ వేవ్ తలలు చదునవుతాయి), కాయిల్ మీద వేడి ఆగకుండా పడుతుంది.

ఎంచుకునే వీలుంటే, యాంప్‌ని దాని హద్దు దగ్గర నడపడం కన్నా ఒక మెట్టు ఎక్కువ ఓమ్స్ దగ్గర నడపడమే నాకు ఇష్టం. వేడి తక్కువ, కారు కరెంట్ మీద భారం తక్కువ. వాట్లు రెట్టింపైనా పెరిగేది 3 డెసిబెల్సే. ఆ తేడా కోసం 1 ఓమ్‌కి దిగాలా అన్నది ఆలోచించండి.

5. కేబుల్, ఫ్యూజ్

ఆర్‌ఎంఎస్ వాట్లను 11తో భాగిస్తే క్లాస్ డి యాంప్ లాగే ఆంపియర్లు ఉజ్జాయింపుగా వస్తాయి. 500 వాట్లకి 45, 1000 వాట్లకి 90. బానెట్ నుంచి డిక్కీ దాకా వెళ్లే కేబుల్‌కి 500 వాట్ల దాకా 8 గేజ్ సరిపోతుంది, అక్కడి నుంచి 1000 దాకా 4 గేజ్, ఆపైన 0 గేజ్. రెండింటి మధ్య ఊగిసలాట ఉంటే మందమైనదే తీసుకోండి. ఇవన్నీ స్వచ్ఛమైన రాగికి చెప్పిన లెక్కలు. అల్యూమినియం మీద రాగి పూత ఉన్న కేబుల్ అయితే పైసైజుకు వెళ్లాలి. కొస చెక్కి చూడండి, లోపల తెల్లగా మెరిస్తే అదే.

ఫ్యూజ్ ఉండేది కేబుల్ కోసం. యాంప్‌కి దాని సొంత ఫ్యూజులు ఉంటాయి. బ్యాటరీ ప్లస్ నుంచి 45 సెంటీమీటర్ల లోపు మెయిన్ ఫ్యూజ్ ఉండాలి, దాని విలువ కేబుల్ తట్టుకునేదాన్ని మించకూడదు. ఫ్యూజ్ లేని కేబుల్ ఎక్కడైనా బాడీకి రాసుకుని షార్ట్ అయితే కారే తగలబడుతుంది. అందుకే "ప్రస్తుతానికి ఫ్యూజ్ లేకుండా పెడదాం" అన్న మాట ఎవరు చెప్పినా వినకండి.

6. కేబుల్స్ లాగడం

ముందు బ్యాటరీ మైనస్ తీసేయండి. మెయిన్ ఫ్యూజ్ చివరిదాకా పెట్టొద్దు.

- బానెట్ నుంచి లోపలికి వచ్చే చోట రబ్బరు గ్రోమెట్ తప్పనిసరి. రేకు అంచు కాలక్రమంలో ఇన్సులేషన్‌ని కోసేస్తుంది.
- పవర్ కేబుల్ ఒకవైపు, ఆర్‌సీఏ రెండోవైపు లాగండి. పక్కపక్కన పోతే ఇంజిన్ చప్పుడు స్పీకర్లలో వినిపించే అవకాశం పెరుగుతుంది.
- సీట్ల కింద పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగ్‌వి, ముట్టుకోవద్దు. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు కేబుల్స్ హై వోల్టేజీవి. వాటి దరిదాపుల్లోకి వెళ్లకండి.
- ఎర్త్ కేబుల్ 45 సెంటీమీటర్ల లోపు ఉంటే మంచిది. మందమైన రేకు చూసి, పెయింట్‌ని తళతళలాడే లోహం కనిపించేదాకా గీకి, రింగ్ లగ్ పెట్టి బోల్టు గట్టిగా బిగించండి. బిగించాక పైన కాస్త పెయింట్ వేస్తే తుప్పు పట్టదు. సీట్ బెల్ట్ బోల్టుకి ఎర్త్ ఇవ్వొద్దు.
- రిమోట్ వైరు బయట కొన్న హెడ్ యూనిట్లలో (స్టీరియోల్లో) సాధారణంగా నీలం మీద తెల్ల చార ఉన్నది. కంపెనీ స్టీరియోకి ఆర్‌సీఏ లేకపోతే హై లెవెల్ ఇన్‌పుట్ (స్పీకర్ వైర్ల నుంచే సిగ్నల్ తీసుకునేది) ఉన్న యాంప్ గానీ, ఆ సిగ్నల్‌ని ఆర్‌సీఏకి మార్చే లైన్ ఔట్‌పుట్ కన్వర్టర్ గానీ వాడొచ్చు.

7. కాయిల్స్ కలపండి, యాంప్‌కి తగిలించకముందే కొలవండి

సిరీస్ అంటే: మొదటి కాయిల్ మైనస్ నుంచి రెండో కాయిల్ ప్లస్‌కి ఒక ముక్క వైరు. మిగిలిన ప్లస్, మైనస్ బయటికి. ప్యారలల్ అంటే: ప్లస్‌లు రెండూ ఒకచోట, మైనస్‌లు రెండూ ఒకచోట.

ఇప్పుడు బాక్స్ టెర్మినల్స్ దగ్గర మీటర్ పెట్టండి. 4 కోసం కలిపితే 3.2–3.8, 2 కోసం కలిపితే 1.6–1.9 మధ్య రావాలి. 4 అనుకున్నచోట 7 వస్తే ఎక్కడో ఒక సబ్ లెక్కలోకి రాలేదు. సున్నా వస్తే వైరు పోగులు పక్క టెర్మినల్‌కి తగులుతున్నాయి. 1 ఓమ్ లోడ్ దగ్గర మామూలు మీటర్ రీడింగ్‌ని పూర్తిగా నమ్మలేం. అలాంటప్పుడు ఒక్కో సబ్‌ని విడిగా కొలిచి, సరిగ్గా ఉందనుకున్నాకే రెండింటినీ కలపండి.

8. పెన్సిల్ సెల్ పరీక్ష

చాలామంది వదిలేసే స్టెప్ ఇదే. కాయిల్స్‌లో ఒకదాన్ని తిరగేసి కలిపినా మీటర్‌లో ఓమ్స్ అంతే చూపిస్తుంది, తప్పు కనిపించదు. కానీ ఒక కాయిల్ కోన్‌ని బయటికి తోస్తుంటే ఇంకొకటి లోపలికి లాగుతుంది. కోన్ కదలదు, యాంప్ ఇచ్చిన పవరంతా వేడిగా మారుతుంది.

సెల్ ప్లస్‌ని బాక్స్ ప్లస్‌కి, మైనస్‌ని మైనస్‌కి ఒక్క క్షణం తాకించి తీసేయండి. కోన్ మీద వేలు తేలిగ్గా ఆనిస్తే తెలుస్తుంది, "టప్" మని బయటికి రావాలి. లోపలికి పోతే ప్లస్, మైనస్ తారుమారయ్యాయి. అసలు కదలికే లేకపోతే ఒక కాయిల్ తిరగబడి ఉంది. రెండు సబ్‌లుంటే రెండూ ఒకేసారి ఒకే దిక్కుకి రావాలి. ఒకటి బయటికి, ఒకటి లోపలికి పోతే రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి, రెండు సబ్‌లు పెట్టినా ఒక్కదానికన్నా తక్కువ బేస్ వస్తుంది.

9. మొదటిసారి ఆన్ చేయడం

సబ్ ఇంకా తగిలించకండి. గెయిన్ పూర్తిగా తగ్గించి, బేస్ బూస్ట్ సున్నాలో పెట్టండి. బ్యాటరీ మైనస్ బిగించి, చివరగా మెయిన్ ఫ్యూజ్ పెట్టండి. యాంప్ పవర్ టెర్మినల్స్ దగ్గర ఇంజిన్ ఆపి ఉంటే సుమారు 12.6, నడుస్తుంటే చాలా కార్లలో 13.8 నుంచి 14.4 వోల్టులు రావాలి. స్టీరియో ఆపగానే యాంప్ లైటు కూడా ఆరాలి. ఆరకపోతే రిమోట్ వైరు ఎప్పుడూ కరెంటు ఉండే చోట తగిలించారు, పొద్దునకల్లా బ్యాటరీ దిగిపోతుంది.

10. గెయిన్ పెట్టడం

గెయిన్ వాల్యూమ్ నాబ్ కాదు. స్టీరియో నుంచి వచ్చే సిగ్నల్‌కి యాంప్‌ని సరిపెట్టే అడ్జస్ట్‌మెంట్ అది.

సబ్ వైర్లు విప్పే ఉంచండి. స్టీరియోలో ఈక్వలైజర్, లౌడ్‌నెస్ తీసేసి, వాల్యూమ్ నాలుగింట మూడొంతులకు పెట్టి, 50 హెర్ట్జ్ సైన్ టోన్‌ని 0 డెసిబెల్ లెవెల్‌లో ప్లే చేయండి. లో పాస్ ఫిల్టర్‌ని (పై ఫ్రీక్వెన్సీలను ఆపేది) ప్రస్తుతానికి పూర్తిగా పైకి తిప్పండి, సబ్‌సానిక్ ఫిల్టర్ (మరీ కింది ఫ్రీక్వెన్సీలను ఆపేది) ఉంటే ఆఫ్ చేయండి. మల్టీమీటర్‌ని ఏసీ వోల్టుల్లో యాంప్ స్పీకర్ టెర్మినల్స్ మీద పెట్టి, గెయిన్ మెల్లగా పెంచుతూ లెక్క ప్రకారం రావలసిన వోల్టేజి దగ్గర ఆపండి.

ఆ లెక్క: వాట్లను ఓమ్స్‌తో గుణించి, వర్గమూలం తీయండి.

- 300 వాట్లు, 4 ఓమ్స్: 34.6 వోల్టులు
- 500 వాట్లు, 4 ఓమ్స్: 44.7
- 500 వాట్లు, 2 ఓమ్స్: 31.6
- 500 వాట్లు, 1 ఓమ్: 22.4
- 800 వాట్లు, 1 ఓమ్: 28.3

వాట్ల దగ్గర యాంప్ ఆర్‌ఎంఎస్, సబ్‌ల మొత్తం ఆర్‌ఎంఎస్ రెండింటిలో ఏది తక్కువైతే అది తీసుకోండి. ఓమ్స్ మాత్రం రాసుకున్న విలువే, మీటర్‌లో వచ్చిన 3.4 కాదు. గెయిన్ చివరిదాకా తిప్పినా వోల్టేజి చేరకపోతే స్టీరియో ఇచ్చే సిగ్నల్ బలహీనంగా ఉంది, దాన్ని బేస్ బూస్ట్‌తో పూడ్చొద్దు. 6 డెసిబెల్స్ బూస్ట్ అంటే ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర నాలుగు రెట్ల పవర్ అడుగుతున్నట్టే. ఆసిల్లోస్కోప్ అందుబాటులో ఉంటే అంతకన్నా మంచి పద్ధతి లేదు, వేవ్ తలలు చదునయ్యే ముందు ఆపేయండి.

అంతా అయ్యాక స్టీరియో ఆపి, సబ్ వైర్లు బిగించండి.

11. ఫిల్టర్లు

లో పాస్ 80 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టండి. మగ గొంతు సబ్‌లోంచి వినిపిస్తుంటే తగ్గించండి. పోర్టెడ్ బాక్స్ (గాలి రంధ్రం ఉన్నది) అయితే సబ్‌సానిక్ ఫిల్టర్ తప్పకుండా ఆన్ చేయాలి, బాక్స్ ట్యూనింగ్ (ఆ రంధ్రాన్ని ఏ ఫ్రీక్వెన్సీకి కుదిర్చారో అది) కన్నా కాస్త కింద. 35 హెర్ట్జ్ బాక్స్‌కి 28–30 సరిపోతుంది. ట్యూనింగ్ కిందికి దిగితే పోర్టెడ్ బాక్స్‌లో కోన్‌కి పట్టు ఉండదు, హద్దు దాటి ఊగుతుంది. చివరగా ఫేజ్ స్విచ్ 0లో ఒకసారి, 180లో ఒకసారి పెట్టి డ్రైవర్ సీట్లో కూర్చుని వినండి. ఎందులో బేస్ నిండుగా వినిపిస్తే అదే ఉంచండి.

బాగా కుదిరిందో లేదో చూడటం, కుదరకపోతే వెతకడం

అరగంట వినే వాల్యూమ్‌లో నడిపి, ఫ్యూజ్ హోల్డర్, బ్యాటరీ లగ్, ఎర్త్ బోల్టు, యాంప్ టెర్మినల్స్ వరుసగా చేత్తో ముట్టుకుని చూడండి. యాంప్ బాడీ వెచ్చగా ఉండటం సహజం. కానీ ఏదో ఒక కనెక్షన్ పక్కవాటికన్నా వేడిగా ఉంటే అక్కడ బిగింపు సరిగ్గా లేదు.

బేస్ పడ్డప్పుడల్లా హెడ్‌లైట్లు మసకబారుతుంటే కెపాసిటర్ కొనడానికి పరుగెత్తకండి, ముందు కొలవండి. పాట నడుస్తుండగా ఇంకొకరి సాయంతో మీటర్ ఒక ప్రోబ్ బ్యాటరీ ప్లస్ మీద, ఇంకోటి యాంప్ ప్లస్ మీద పెట్టండి. ప్రోబ్ వైరు అందకపోతే మామూలు వైరుతో పొడిగించుకోవచ్చు. తర్వాత మైనస్ నుంచి మైనస్‌కి అలాగే. రెండూ కలిపి అర వోల్టు దాటితే కేబుల్ సన్నగా ఉంది లేదా కనెక్షన్ వదులుగా ఉంది. ఎటువైపు ఎక్కువ చూపిస్తే తప్పు అటువైపే. రెండూ తక్కువగానే ఉండి లైట్లు ఇంకా మసకబారుతుంటే అప్పుడు బ్యాటరీ, ఆల్టర్నేటర్ సంగతి చూడాలి.

యాంప్ ప్రొటెక్ట్ లైటు వెలిగితే సబ్ వైర్లు విప్పి మళ్లీ ఆన్ చేయండి. లైటు పోతే తప్పు సబ్ వైపు ఉంది, 7వ స్టెప్‌కి వెళ్లండి. సబ్ లేకుండా కూడా వెలుగుతుంటే ఎర్త్, పవర్ వోల్టేజి చూడండి. అవి సరిగ్గా ఉంటే ఆర్‌సీఏ కూడా పీకి చూడండి. అప్పటికీ వెలుగుతుంటే యాంప్‌ని రిపేరుకి ఇవ్వాల్సిందే.

ఇంజిన్ వేగంతో పాటు పెరిగే సన్నని కూత వస్తే ముందు ఎర్త్ బోల్టు విప్పి మళ్లీ గీకి బిగించండి, తర్వాత ఆర్‌సీఏ దారి మార్చండి. నాయిస్ ఫిల్టర్ కొనడం ఆ రెండూ అయ్యాకే.

కాలిన వాసన వస్తే వెంటనే ఆపేసి, సబ్ చల్లారాక కాయిల్స్ మళ్లీ కొలవండి. 1వ స్టెప్‌లో రాసుకున్న రీడింగే వస్తే, కోన్‌ని రెండు చేతులతో సమంగా లోపలికి నొక్కి చూడండి. గరగరమని రాసుకోకుండా మెత్తగా కదిలితే బతికిపోయినట్టే. గెయిన్‌ని మళ్లీ 10వ స్టెప్ ప్రకారం పెట్టి వాడుకోవచ్చు.